నీళ్లు పోసే అవ్వకు వచ్చిన దగ్గు

మిరప ఏరుడు మొదలైందంటే మా సబ్‌సెంటర్ కింది ఊళ్లలో దగ్గని మనిషి కనబడదు. చలి తగ్గి ఎండ ముదురుతుండగా నర్సింహులపేట మండలంలో చేలన్నీ ఎర్రబడతాయి. ఆడవాళ్లు పొద్దున్నే ఆటోల్లో కిక్కిరిసి పోతారు. సాయంత్రానికి కళ్లు మండుతూ, ముక్కులు కారుతూ, దగ్గుకుంటూ తిరిగొస్తారు. కల్లాల మీద కాయ ఎండుతున్నప్పుడు పక్కనుంచి బండి మీద పోయినా తుమ్ము ఆగదు. నేను ఏఎన్‌ఎంని. పదహారేళ్లుగా ఇదే కొలువు. ఆ రోజుల్లో ఎవరు దగ్గుతూ ఎదురైనా నా నోట ఒకటే మాట వచ్చేది. "మిర్చి ఘాటు. మూతికి బట్ట కట్టుకో, పో."

ఆ మాట ఎంత ధీమాగా అనేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ ధీమా ఒక పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. ఆ పిల్లను ఎట్లా దక్కించుకున్నామో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ కొలువులో నేను గర్వంగా చెప్పుకునే పని ఏదైనా ఉంటే అదే. ఆ గర్వంలో సగానికి పైగా ఒక ముసలమ్మది. ఆమె వాటా ఆమెకు ఇచ్చే రాస్తాను.

మాది జనగామ జిల్లా తరిగొప్పుల. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లోవాళ్లకే కాదు, నేను తిరిగే ఊళ్లన్నిటికీ తెలుసు. పిల్లకు సూది వేయించకుండా తప్పించుకునే తల్లులు నా స్కూటీ చప్పుడు వింటే పెరటి దారిన చేనుకు పోతారు. నేను కూడా ఊరుకోను, ఆ చేను గట్టు మీదికే పోయి సూది వేసి వస్తాను. తిట్టుకుంటారు, తర్వాత మజ్జిగ ఇస్తారు.

మొదటి ఉద్యోగం భూపాలపల్లి వైపు, మహదేవపూర్ మండలంలో గోదావరి ఒడ్డు ఊళ్లలో. కోరింత దగ్గు మొదటిసారి చూసింది అక్కడే. ఐదేళ్ల పిల్ల, సూదులు ఒక్కటీ పడలేదు. దగ్గు తెర వచ్చిందంటే మధ్యలో ఊపిరి తీసుకునే సందు ఉండదు. లోపలి గాలి అంతా అయిపోయాక ఒక్కసారిగా గాలిని లాక్కుంటుంటే గొంతులోంచి పుంజు కూసినట్టు కూత వచ్చేది. దాని చివర వాంతి. ఐదు నిమిషాలు గడిస్తే అదే పిల్ల వాకిట్లో గచ్చకాయలు ఆడుతుండేది. మా డాక్టర్ సార్ అప్పుడొక మాట చెప్పారు. "ఈ జబ్బు తెరకూ తెరకూ మధ్య కనబడదమ్మా. పిల్ల బాగుందని లేచి రావద్దు. తెర వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి."

ఆ కూత మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది. కూత వినబడితేనే కోరింత దగ్గు అని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. సార్ చెప్పిన దాంట్లో నాకు తేలికైన ముక్క పట్టుకుని వచ్చానన్నమాట.

ఇక అవ్వ గురించి. డెబ్బై దాటి ఉంటుంది. ఇప్పుడు నేను పనిచేసే ఊళ్లో ఎవరింట్లో బాలింత ఉన్నా పొద్దున్నే వచ్చి పసిపిల్లకు నీళ్లు పోసేది ఆమే. పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, పిల్లను కాళ్ల మీద బోర్లా పండబెట్టి, ఒళ్లంతా నూనె పట్టించి, నీళ్ల వేడి మోచేత్తో చూసుకుని పోస్తుంది. ఆమె చేతుల్లో ఏ పిల్లా జారదు, ఏ పిల్లా బెదరదు. చివర వెల్లకిలా తిప్పి, పిల్ల ముక్కు దగ్గర నోరు పెట్టి గట్టిగా ఒకసారి ఊదుతుంది. తర్వాత చెవుల్లో ఊదుతుంది. నీళ్లు లోపల నిలవకుండా, పడిశం పట్టకుండా అని ఈ ఊదుడు. మా వైపు ముసలమ్మలందరూ ఇట్లాగే చేస్తారు.

ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన కొత్తలో నా రెండో పిల్లకు కూడా అవ్వే నీళ్లు పోసింది. "ముక్కుల ఊదకు అవ్వా" అన్నాను. అవ్వ నా వైపు ఎగాదిగా చూసింది.

"నిన్ను గూడ మీ అవ్వ ఊదే ఉంటది. ఏమన్న అయినవా? మంచిగ సూదులేసుకుంట తిరుగుతానవు గద" అంది. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వేసి ఆ సంగతి అక్కడితో వదిలేశాను. ఊళ్లో ఒక్కొక్కరితో జగడం పెట్టుకునే నేను అవ్వతో మాత్రం పెట్టుకోలేదు. ఆమె చేతి నీళ్లు పడిన పిల్ల నా ఒళ్లో హాయిగా నిద్రపోతుంటే నాకేం అనబుద్ధి కాలేదు.

ఆ ఏడాది మిరప రోజుల్లోనే అవ్వ కూతురు కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసి, దావత్ చేశారు. అవ్వ కోడలు మిరప ఏరే గుంపుతో రోజూ చేనుకు పోయేది. ముందు ఆమెకు దగ్గు పట్టుకుంది, వారం పదిరోజులకు అవ్వకు. ఒకరోజు అవ్వ రోడ్డు పక్కన నిలబడి, నడుం పట్టుకుని దగ్గుతోంది. "మిర్చి ఘాటు అవ్వా, బట్ట కట్టుకో" అన్నాను. అవ్వ చెయ్యెత్తి ఏదో చెప్పబోయింది. నేను స్కూటీ ఆపలేదు.

పిల్లకు ముప్ఫై ఎనిమిదో రోజు. పొద్దున పది గంటలప్పుడు మా ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "సిస్టర్, అవ్వ మనుమరాలు పాలు తాగుకుంట తాగుకుంట ఎర్రగైతాందట. మొన్న మానుకోటల చూపిస్తే పిల్ల బాగనే ఉందని పంపిచ్చిండ్రట. జర వచ్చి చూడు." మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అంటాం.

నేను పోయేసరికి పిల్ల తొట్టెలలో పడుకుని ఉంది. ఒళ్లు ముట్టుకుంటే జ్వరం లేదు. నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాను, సరిగ్గానే ఉంది. ఛాతీ ఎగరడం లేదు, గురక లేదు. తల్లి ముఖం మాత్రం పీక్కుపోయి ఉంది. "అక్కా, ఇప్పుడు గిట్లనే ఉంటది. అందరు నన్నే అంటాన్రు, తొలుసూరు కాన్పు గదా, ఊకె బుగులు పడుతానవని" అంది. నాకు కూడా అదే మాట నోటిదాకా వచ్చింది. సంచి సర్దుకుని లేచాను కూడా. అప్పుడు మహదేవపూర్ సార్ మాట గుర్తొచ్చింది. మళ్లీ కూర్చున్నాను.

అరగంట గడిచింది, ఏమీ లేదు. అవ్వ గడపలో కూర్చుని దగ్గుతోంది. ఊరికే కూర్చోవడం నాకు రాదు కాబట్టి ఆమె మీద విరుచుకుపడ్డాను. "మిర్చి చేనుకు పోకు, పోతే బట్ట కట్టుకొమ్మని ఎన్నిసార్లు చెప్పిన అవ్వా?"

అవ్వకు మండింది. "ఏం చేను బిడ్డా? మోకాళ్లు పట్టుకపోయి నేను చేను మొఖం చూసి మూడేండ్లాయె. మా ఇంట్ల కల్లం గూడ లేదు. మాటకు ముందు మిర్చి, మాటకు ఎనుక మిర్చి అంటానవు. ఇంట్ల కూసున్నదానికి నాకు ఘాటు యాడికెల్లి వస్తది?"

చేనుకు పోని మనిషి దగ్గుతోంది. రోడ్డు మీద ఆమె చెయ్యెత్తి చెప్పబోయింది కూడా ఇదే. "ఎన్నొద్దుల సంది అవ్వా?" అని అడిగాను. రెండు వారాలు దాటిందట. తెర వస్తే ఆగదట, దగ్గి దగ్గి కక్కుకుంటోందట. అంతా చెప్పి, "నీళ్లు పోసేటప్పుడు ఆపుకుంటాన" అంది, అదో గొప్పతనమైనట్టు.

అంతలో తల్లి పిల్లను రొమ్ముకు పెట్టుకుంది. నాలుగు గుక్కలు తాగిందో లేదో, తెర మొదలైంది. చిన్న చిన్న దగ్గులు, ఒకదాని మీద ఒకటి. శబ్దం కూడా పెద్దగా లేదు. ముఖం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, పెదవులు నీలంగా మారాయి. నేను కూత కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. కూత రాలేదు. దగ్గు ఆగిపోయింది. దానితోపాటు ఊపిరి కూడా ఆగిపోయింది.

పిల్లను లాక్కుని పక్కకు తిప్పి పట్టుకున్నాను. నోటి దగ్గరి పాలు తుడిచి, వీపు రుద్దాను, అరికాళ్లు తట్టాను. అదే చేత్తో నా ఫోన్ తల్లి వైపు తోశాను. "చెల్లె, వీడియో తియ్యి! తియ్యి!" అని అరిచాను. నాకు పిచ్చిలేసిందనే అనుకుని ఉంటుంది. కానీ తీసింది. ఏడుస్తున్నా ఫోన్ మాత్రం పిల్ల ముఖం మీంచి కదపలేదు. ఎంతసేపో తెలియదు, పిల్ల ఒక్కసారి ఒళ్లు విదిల్చి గాలి పీల్చింది. ఇంకో రెండు నిమిషాలకు రంగు తిరిగింది. ఆ వీడియో లేకపోతే ఆ పిల్ల బాగానే ఉందని ఇంకో ఇద్దరు డాక్టర్లు చెప్పి ఉండేవాళ్లు. ఇరవై రెండేళ్ల ఆ తల్లిని తలుచుకుంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

వీడియో మా దవాఖాన డాక్టరమ్మకు పంపాను. చిన్న వయసు, చదువు అయిపోయి రెండేళ్లు కూడా కాలేదు. నిమిషంలో ఫోన్ చేసింది. "కూత కోసం చూడకండి సిస్టర్. ఇంత చిన్నపిల్లలకు కూత రాదు, ఊపిరే ఆగిపోతుంది. నూట ఎనిమిదికి చెప్పండి, ఆక్సిజన్ ఉన్న చోటికి పోవాలి. నేను పెద్ద దవాఖానకు ఫోన్ చేస్తాను, మందులు తీసుకుని మీ దగ్గరికి వస్తాను." నాకన్నా పదేళ్లు చిన్నది. ఆ క్షణంలో ఆమె కాళ్లు మొక్కాలనిపించింది.

బండి వచ్చేలోగా అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, ఊళ్లెకు గాడిద పాలాయన వచ్చిండు. ఒక చెంచ పోద్దామా?" "అవ్వా, ఆ పిల్ల నోట్లో చుక్క ఏదన్న పడ్డదో, మర్యాద దక్కదు చూడు!" అన్నాను. నా గొంతు వీధి చివరిదాకా వినబడిందని తర్వాత చెప్పారు. తల్లీ పిల్లా బండి ఎక్కారు. అవ్వ కూడా ఎక్కబోతే ఆపేశాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

గంటకు డాక్టరమ్మ వచ్చింది. వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చుని విడమరిచి చెప్పింది. ఇది కోరింత దగ్గు అనే అనుమానం, పరీక్ష ఫలితం కోసం ఆగితే పుణ్యకాలం దాటిపోతుంది. ఇంట్లో దగ్గేవాళ్లూ, దగ్గనివాళ్లూ అందరూ ఐదు రోజులు మాత్రలు మింగాలి. ఆ ఐదు రోజులూ దగ్గేవాళ్లు ఏ పసిపిల్ల దగ్గరికీ పోకూడదు. మాత్రలతో దగ్గు వెంటనే పోదు, వారాలు ఉంటుంది, కానీ పక్కవాళ్లకు అంటడం ఆగుతుంది. పెద్దవాళ్లకు ఇది తిప్పలు పెట్టే దగ్గు మాత్రమే, నెలల పిల్లలకు ప్రాణగండం. ఈ జబ్బు రాకుండా వేసే మొదటి సూది ఆరు వారాలకు. ఈ పిల్లకు ఇంకా నాలుగు రోజుల దూరం ఉంది.

"అవ్వా, ఇప్పుడు ఎవలెవల పిల్లలకు నీళ్లు పోస్తానవు?" అని అడిగాను.

"ఎవలకు పోస్తలేను" అంది అవ్వ, తలుపు చెక్క వైపు చూస్తూ.

అబద్ధమని నాకు తెలుసు. పొద్దున ఆమె చంకలో నూనె గిన్నెతో పోవడం నేనే చూశాను. కోపం నషాళానికి అంటింది. నోరు తెరవబోతుంటే డాక్టరమ్మ చేత్తో వారించింది. అవ్వ తలుపు మీంచి చూపు తిప్పి అడిగింది. "నా ఊపిరేనా బిడ్డా? నేను ఊదినందుకేనా?"

కాదు అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "దగ్గినా అంటుకుంటది అవ్వా, ముద్దాడినా అంటుకుంటది. ఊదితే ఇంకింత జల్ది అంటుకుంటది. కానీ నీది మిర్చి దగ్గని చెప్పింది నేను. నువ్వు చెప్పబోతే ఇనలేదు. తప్పు నాది ముందు, నీది ఎనుక." పదహారేళ్ల కొలువులో ఎవరి ముందూ నేను తప్పు ఒప్పుకోలేదు. అవ్వ నా ముఖంలోకి చూసింది. "నాలుగిండ్లు" అంది.

పేర్లు చెప్పమని పుస్తకం తీశాను. అవ్వ లేచి నిలబడి కొంగు మూతికి బిగించి కట్టుకుంది. "నువ్వు చెప్తే, మళ్ల సూది కోసం వచ్చిందనుకుంటరు. నేను చెప్తే ఇంటరు. నడువు."

ఊరి నడుమ నుంచి నడిచాం. అవ్వ ముందు, ఆమె వెనక డాక్టరమ్మ, చివర నేను. ప్రతి ఇంటి ముందు అవ్వ వీధిలోనే నిలబడింది, వాకిట్లోకి అడుగు పెట్టలేదు. "నాకు కోరింత దగ్గు ఉంది. నా మనుమరాలికి అంటింది, దవాఖానకు తీస్కపోయిండ్రు. నేను మీ పిల్ల మొఖం మీద ఊదిన. డాక్టరమ్మకు చూపియ్యిండ్రి, మందు పొయ్యిండ్రి." ఇంతే మాట, నాలుగు చోట్లా ఇదే మాట. మొదటి ఇంటివాళ్లు గాబరాపడి పిల్లను ఎత్తుకొచ్చారు. రెండో ఇంట్లో అత్తగారు నోటికొచ్చినట్టు తిట్టింది. అవ్వ తల వంచుకుని అంతా విని, "తిట్టు బిడ్డా, మందు మాత్రం పొయ్యి" అంది. ఊరి పిల్లలందరినీ తన చేతుల మీద పెంచానని చెప్పుకునే మనిషి అవ్వ. ఆమె బతుక్కి ఉన్న పేరు అదొక్కటే. ఆ పేరును తన నోటితోనే వీధిలో పెట్టి వచ్చింది.

మూడో ఇల్లు భూమి ఉన్నవాళ్లది. పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు. "మిర్చి దగ్గుకు గింత లొల్లా? ఊరంత దగ్గుతలేదా?" అన్నాడు. డాక్టరమ్మ ఏదో చెప్పబోతుండగా అవ్వకు తెర వచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయింది. దగ్గు ఆగదు, గాలి అందదు, కళ్లలో నీళ్లు, మెడ మీద నరాలు ఉబ్బాయి. చివర గోడ పక్కనే కక్కుకుంది. మూతి తుడుచుకుని, ఆయాసపడుతూనే ఆయనను అడిగింది. "గిది నీ మనుమనికి వస్తే ఓర్సుకుంటడా నాయినా?" పెద్దాయన లేచి లోపలికి పోయి, తానే మనవడిని ఎత్తుకుని వచ్చాడు.

నాలుగో ఇంట్లోని పిల్లవాడికి అప్పటికే ముక్కు కారుతోంది. మందు మొదలుపెట్టి, పరీక్ష కోసం మానుకోట పంపాం. తెర వచ్చేదాకా పోకముందే పట్టుకున్నాం కాబట్టి ముదరలేదు. మిగిలిన ముగ్గురికీ ఏమీ కాలేదు.

మర్నాడు అవ్వ కోడలు మమ్మల్ని చేనుకు తీసుకుపోయింది. దగ్గేవాళ్లందరినీ తానే ఒక పక్క నిలబెట్టింది. కొందరిది నిజంగా ఘాటే, అది సాయంత్రానికి తగ్గే దగ్గు. రోజుల తరబడి తెరలుగా వస్తున్నవాళ్లకు మాత్రలు ఇచ్చి, ఐదు రోజులు ఇంట్లో ఉండమన్నాం. చేను గట్ల మీద చీర తొట్టెళ్లలో పసిపిల్లలు ఉంటారు మరి. కాయ ముదిరిపోతుందని రైతు గొణిగాడు. ఆడవాళ్లు గొణగలేదు, ఇళ్లకు పోయారు. నేను బూస్టర్ సూది తప్పిన పిల్లలందరినీ వెతికి పట్టుకున్నాను. పెరటి దారిన పోయే తల్లులు కూడా ఈసారి ముందు వాకిట్లోనే నిలబడి ఉన్నారు.

అవ్వ మనవరాలు పన్నెండు రోజులు దవాఖానలో ఉంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, పాలు కొద్దికొద్దిగా గొట్టంతో పోశారు, ఊరికే ముట్టుకుంటే తెర వస్తుందని ఎవరినీ కదిలించనివ్వలేదు. మూడో రోజు మరీ కష్టమైంది. ఆ రోజు అవ్వ మా సబ్‌సెంటర్ మెట్ల మీద పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవలేదు. నేను చాయ్ తెచ్చి పెట్టాను, తాగలేదు. ఏడో రోజు కూతురు ఫోన్ చేసింది. "అవ్వా, ఇయ్యాల ఒక్కపారి గూడ నీలం కాలే." అవ్వ ఫోన్ నాకు ఇచ్చేసి కొంగులో ముఖం దాచుకుంది. పరీక్ష ఫలితం ఆ తర్వాత వచ్చింది, కోరింత దగ్గే అని. అప్పటికి దానితో పని లేకపోయింది.

నెల మీటింగులో పెద్ద సారు అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. నాకు మెప్పు చేదా? బాగానే అనిపించింది. కానీ లేచి, రెండు వారాలు నేను మిర్చి దగ్గని ఎట్లా తిప్పి పంపానో కూడా చెప్పాను. "మిరప రోజుల్లో చేనుకు పోనివాళ్లు ఎవరు దగ్గుతున్నారో ముందు అడగండి" అన్నాను. తోటి నర్సులు పుస్తకాలు తీసి రాసుకున్నారు. నన్ను మెచ్చుకున్నప్పటికన్నా వాళ్లు రాసుకుంటున్నప్పుడు నాకు ఎక్కువ గర్వమనిపించింది.

దవాఖాన నుంచి వచ్చి, పిల్ల కోలుకున్నాక ఒక బుధవారం సూదుల రోజున తల్లి ఎత్తుకొచ్చింది. బుగ్గలు మళ్లీ నిండుకుంటున్నాయి. అవ్వకు అంటు పోయి చాలా రోజులైనా, దగ్గు అడపాదడపా వస్తోందని లోపలికి రానంది. కిటికీ అవతల మూతికి కొంగు కట్టుకుని నిలబడింది. పిల్ల తొడ మీద దూదితో తుడిచి సూది వేశాను.

పిల్ల ఒక్క క్షణం నోరు తెరిచి ఆగింది. నేను వంగి పెదవుల రంగు చూశాను. తర్వాత ఏడుపు అందుకుంది. గది దద్దరిల్లేట్టు, గుక్క మీద గుక్క, ఎక్కడా తెగకుండా. వరుసలో ఉన్న తల్లులంతా తలలు తిప్పి చూశారు. తల్లి కంగారుపడి భుజానికి ఎత్తుకుని ఊరుకోబెట్టబోయింది.

కిటికీ అవతలి నుంచి అవ్వ అరిచింది. "ఊకోబెట్టకు బిడ్డా! ఏడ్వనియ్యి. గట్టిగ ఏడ్వనియ్యి."